గర్భిణి ఉన్న ఇంట పిల్లి పురుగులు: నిరపాయమైన నివారణ

ఉద్దానములో పిల్లి లేని ఇల్లు అరుదు. అటక మీద కొబ్బరికాయలు, వసారాలో జీడిపిక్కల బస్తాలు, గది మూల ధాన్యము ఉన్నచోట ఎలుక చేరక మానదు. ఎలుక చేరినచోట పిల్లిని చేరదీయక తప్పదు. మా కంచిలి, సోంపేట, కవిటి ప్రాంతములలో తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తెచ్చుకొనుట నేటికిని ఆచారము. అట్లు వచ్చిన పిల్లలలో కొందరు రెండు మూడు దినములు గడువకముందే చీలమండల చుట్టు ఎర్రని దద్దులు చూపి, దురదతో రాత్రి నిద్ర లేదని చెప్పుదురు. వెంట వచ్చిన తల్లి అడుగు ప్రశ్న మాత్రము ఎప్పుడును ఒక్కటే: "ఇంట్లో ఏటి జల్లమంటారు బాబూ?"

ఏమియు చల్లవద్దనియే నా సమాధానము. అది విని చాలమంది నిరుత్సాహపడుదురు. వైద్యుని వద్దకు వచ్చిన తరువాత చీపురు పట్టుకొమ్మనిన ఎవరికి రుచించును? కావున ఆ మాట వెనుకనున్న కారణమును ఇక్కడ కొంత విపులముగా వ్రాయుచున్నాను.

ముందుగా ఆ పురుగు ఏదో గుర్తించవలెను. దీనిని గోమారి అని, పేను అని పలువురు పొరబడుదురు. గోమారి చర్మమును కరచుకొని కదలక ఉండును. పేను తలవెండ్రుకలను విడువదు. నల్లి మంచపు సందులలో దాగి రాత్రి వెలువడును. మనము చెప్పుకొనునది, ఆంగ్లములో ఫ్లీ అని పిలుచునది, వీటికి భిన్నము. నువ్వుగింజలో సగముండును, ముదురు గోధుమ రంగు, రెక్కలు లేవు, రెండు ప్రక్కల నుండి నొక్కినట్లు బల్లపరుపుగా ఉండును. పట్టుకొనబోయిన ఎగిరి దూకును. దాని కాట్లు సాధారణముగా మోకాలి క్రింద, రెండు మూడు దగ్గర దగ్గరగా కనిపించును. ఇంకను అనుమానమున్నచో ఒక పరీక్ష గలదు. పిల్లి పడుకొనుచోట కనిపించు నల్లని నలుసులను తడిపిన తెల్లగుడ్డపై వేయవలెను. నలుసు చుట్టు ఎరుపు గోధుమ రంగు మరక వ్యాపించినచో అది జీర్ణమైన రక్తము, అనగా ఆ పురుగు మలము. మరక పట్టనిచో అది ఒట్టి మట్టి.

నూరింటిలో తొంబదియైదు నేల మీదనే

పిల్లి ఒంటి మీద పురుగు కనిపించును గనుక యుద్ధమంతయు పిల్లి మీదనే చేయబూనుదురు. ఒక ఇంటిలోని ఈ పురుగుల సంతతిని నూరుగా లెక్కించినచో, పిల్లి మీదనున్న పెద్ద పురుగులు సుమారు 5 మాత్రమే. మిగిలిన 95 గ్రుడ్లుగా, లార్వాలుగా, గూటి పురుగులుగా ఇంటి నేలలో, పడకలలో, గోనెలలో ఉండును. ఆడ పురుగు పిల్లి రక్తము త్రాగిన ఒకటి రెండు దినములలో గ్రుడ్లు పెట్ట మొదలిడి, రోజుకు నలుబది వరకు పెట్టగలదు. పేను ఈపి వలె ఆ గ్రుడ్డు వెంట్రుకకు అంటుకొనదు; ఉప్పురవ్వ వలె జారి క్రింద పడిపోవును. పిల్లి ఎక్కడ పడుకొనునో, ఎక్కడ దులుపుకొనునో అక్కడనే రాలును. కొద్ది దినములలో పొదిగి తెల్లని సన్నని లార్వా వెలువడును. అది వెలుతురును చూచి పారిపోవును, నీడను చెమ్మను వెదకికొనును. పెద్ద పురుగులు రాల్చిన ఆ నల్లని నలుసులే దానికి ఆహారము. పిమ్మట పట్టుపురుగు వలె చిన్న గూడు అల్లుకొనును. ఆ గూటికి దుమ్ము, ఇసుక అంటుకొని కంటికి కనిపించదు. ఎండ తగలని అరుగు మూలల ఇసుక, చెమ్మ పట్టిన గోనెలు, కొబ్బరి పీచు, నెరియలు వారిన మట్టినేల, ఇవన్నియు వీటికి పుట్టిళ్ళు. అందుకే వానకాలములో మన తీరమున ఈ బాధ హెచ్చు.

గూటిలోని పురుగుకు ఒక విచిత్ర గుణము గలదు. వెంటనే వెలువడదు. నెలల తరబడి కదలక మెదలక వేచియుండగలదు. అడుగుల అదురు, ఒంటి వెచ్చదనము, ఊపిరి గాలి సోకినప్పుడు, ఆహారము వచ్చినదని గ్రహించి ఒక్కుమ్మడిగా బయటికి దూకును. ఉద్దానము నుండి చెన్నై, విశాఖపట్నము, అండమాన్ వంటి చోట్లకు పనులకై వలసపోవు కుటుంబములు అనేకము. వారి ఇండ్లు నెలల పాటు తాళము వేసి ఉండును; పిల్లి మాత్రము పెంకుల సందున దూరి లోపలనే పిల్లలను పెట్టుకొనును. కూతురి పురిటి కోసము తాళము తీసి ఆ గదిలో అడుగుపెట్టగానే కాళ్ళ నిండ పురుగులు! దీనిని చూచి ఎవరో చేతబడి చేసినారని భయపడినవారు సైతము నాకు తెలియును. అది చేతబడి కాదు; వేచియున్న గూళ్ళు పగులుట.

ఈ విషయము తెలిసిన పిమ్మట, పిల్లిని తరిమివేయుట ఏల పొరపాటో తెలియును. గోనెసంచిలో కట్టి రైలుపట్టాల ఆవల విడిచి వచ్చుట మన పల్లెలలో వాడుకయే. పిల్లి పోయినను నేలలోని 95 పాళ్ళు ఇంటనే మిగులును. గూడు పగిలి వచ్చు పురుగు మొదట పిల్లిని వెదకును; అది లేనిచో మనిషి కాలి మీదికి దూకును. పిల్లి ఉన్ననాటి కంటె పోయిన వారమునకు కాట్లు హెచ్చుట ఇందువలననే. ఎలుకలు తిరిగి చేరుట మరొక నష్టము. ఎలుక మూత్రము వలన వచ్చు జ్వరములు గర్భిణికి ఈ దురద కంటె ఎంతయో ప్రమాదకరములు.

వాడరాని వస్తువులు

చరకుడు శారీరస్థానములో గర్భిణిని అంచు వరకు నూనె నింపిన పాత్రతో పోల్చినాడు. కుదుపు తగులకుండ మోయవలెనని భావము. ఆ పాత్ర ఉన్న ఇంటిలో విషములు చల్లుట ఎంత అనుచితమో వేరుగా చెప్పనక్కరలేదు.

పూర్వము ఇంటింట మంచముల క్రింద గమాక్సిన్ పొడి చల్లెడివారు. దానిని మన దేశములో 1997లోనే నిషేధించినారు. తరువాత డైక్లోర్‌వాస్ అను ఘాటైన ద్రవమును నల్లులకు, బొద్దింకలకు విరివిగా వాడినారు. అది నాడులను పనిచేయించు ఎంజైమును అణచు విషము, తల్లి రక్తము నుండి మావి దాటి శిశువును చేరగలదు. కేంద్రప్రభుత్వము 2018లో వెలువరించిన ఉత్తర్వు ననుసరించి 2020 డిసెంబరు 31 నుండి దానికిని నిషేధము వచ్చినది. అటక మీద ఎక్కడైన పాత సీసా మిగిలియున్నచో గర్భిణి చేత తాకించరాదు. జీడితోటకు తెచ్చిన పురుగుమందులో కొంత నీరు కలిపి వసారాలో చల్లుట మరింత తెలివితక్కువ పని. తోట మందు గాలికి, ఎండకు విరుగుటకు తగినట్లు చేసినది. మూసిన గదిలో అది వారముల తరబడి నిలిచియుండును.

ఇక "మన మందులే కదా, ఏమగును" అనువారికి ఒక మాట. మొక్క నుండి వచ్చినదంతయు అమృతము కాదు. సీతాఫలపు గింజల పొడి పేలను చంపును, నిజమే. కాని అది కంటిలో పడినచో కంటిపాప మీది పొర పుండగును. గర్భస్రావమునకై ఆ గింజలను దుర్వినియోగము చేయుట కొన్నిచోట్ల ఉన్నదే. గర్భిణి ఉన్న ఇంట దానిని నూరనే రాదు. వేపనూనెకు గర్భనిరోధక గుణము గలదని ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థలో సైతము పరిశోధనలు జరిగినవి. కావున కడుపులోనికి చుక్కయైనను వలదు, ఒంటికి పూతగా రాచుకొనుటయు వలదు. వస కొమ్ము, కర్పూరతైలము, నీలగిరి తైలము, వీటిని గర్భిణి పూసుకొనరాదు, పిల్లికి పూయనే రాదు. పిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రపరచుకొను ప్రాణి. పూసినదంతయు దాని కడుపులోనికి పోవును. ఈ తైలములను విరుచు శక్తి దాని కాలేయమునకు తక్కువ. ఫినాయిలు, కిరోసిను కూడ ఆ కోవలోనివే.

మా ప్రాంతమునకు ప్రత్యేకమైన అపాయము మరొకటి గలదు. పలాస వైపు జీడిపిక్కల పెంకు సులభముగా దొరకును. దానిని కాల్చి పొగ పెట్టిన సకల పురుగులును పోవునని కొందరి నమ్మకము. జీడిపెంకులోని నూనె చర్మమును బొబ్బలెక్కించునని ఆ పనిచేయు ఆడవారి చేతులు చూచినవారికి తెలియును. మన నల్లజీడిని శుద్ధి చేయక వాడరాదని శాస్త్రము శాసించినదియు అట్టి గుణము చేతనే. ఆ పొగ కండ్లకు, ఊపిరితిత్తులకు చేయు హాని అంతయింత కాదు.

ధూపము సంగతి

ఆయుర్వేదమునందు ధూపనము విధింపబడలేదా అని కొందరు నన్ను నిలదీయుదురు. విధింపబడినది. కాశ్యప సంహితలో ధూపకల్పమని ప్రత్యేకాధ్యాయమే గలదు. కాని చరకుడు శిశువు పడక విషయమున చెప్పిన క్రమమును శ్రద్ధగా చదువవలెను. చెమట, మురికి, క్రిములు చేరిన పక్కబట్టలను విసర్జింపుమనియు, వేరే లేనిచో వాటినే బాగుగా ఉతికి, ధూపము వేసి, శుభ్రముగా ఎండినవి వాడుమనియు అతని విధి. ఉతుకుట ముందు, ధూపము తరువాత. మనము మాత్రము ఉతుకుట మాని ధూపమును పట్టుకొన్నాము!

పొగ పెద్ద పురుగును కొంత కలవరపెట్టును. నేల నెరియలోని గూటిని తాకజాలదు. కట్టెపొగ నిత్యము పీల్చు గర్భిణులకు తక్కువ బరువు శిశువులు పుట్టు అవకాశము హెచ్చని నేటి వైద్యము స్పష్టముగా చెప్పుచున్నది. ఆచారము కొరకు గుగ్గిలము, ఆవాలు, వేపాకు ధూపము వేయదలచినచో గర్భిణి ఇంట లేని వేళ వేసి, తలుపులు తెరచి, పొగ వాసన పూర్తిగా పోయిన తరువాతనే ఆమెను గదిలోనికి రానీయవలెను. గంధకపు పొగ ఎప్పుడును వేయరాదు.

చేయవలసిన పని

ఈ పని గర్భిణి చేయరాదు. భర్త, అత్త, తల్లి, ఎవరైనను చేయవచ్చును. వంగి ఊడ్చుట, బరువైన పరుపులు మోయుట, వేడినీళ్ళ గుండిగలు దించుట ఆమె పనులు కావు. పని జరుగు గంట రెండు గంటలు ఆమె పొరుగింటిలో కూర్చుండుట మేలు.

మొదట పడకలు. గర్భిణి పక్కబట్టలు, దిండు గలేబులు, పిల్లి పడుకొను గుడ్డలు ఇంటిలోపల దులుపరాదు. గ్రుడ్లన్నియు గదినిండ చెదరును. వాటిని నాలుగు మూలలు కలిపి మూటగా చుట్టి వెలుపలికి తీసికొనిపోయి, చేయి పెట్టలేనంత వేడి సబ్బునీటిలో నానబెట్టి ఉతికి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరవేయవలెను. ఉతుకరాని పరుపులు, బొంతలు రెండువైపుల తిప్పుచు ఎండబెట్టవలెను. లార్వా చెమ్మలేని ఎండకు నిలువజాలదు. మనకు భగవంతుడిచ్చిన ఉచితమైన క్రిమిఘ్నము అది. ఎండ లేని ముసురు దినములలో వేడినీరే గతి.

పిమ్మట నేల. మంచము క్రింద, బీరువా వెనుక, గోడ వారన, అరుగు మూలల, అనగా సాధారణముగా మనము చీపురు పోనీయని చోట్లనే ఊడ్వవలెను. ఊడ్చిన చెత్తను పెరటిలో పోయక సబ్బునీళ్ళ బకెట్టులో వేయవలెను. పట్టణములలో ఉన్నవారు వాక్యూమ్ యంత్రమును వాడవచ్చును. దాని సంచిని వెంటనే ఇంటి బయట ఖాళీ చేయవలెను. గచ్చునేలను సబ్బునీటితో తుడిచి, పొడిగా ఆరనీయవలెను. మట్టినేలయైనచో నెరియలను మెత్తని బంకమట్టితో పూడ్చి అలుకవలెను. పాత గోనెలు, కొబ్బరి పీచు, చింపిరి గుడ్డలు ఇంటి నుండి తొలగించవలెను. కొందరు ఉప్పు చల్లుమందురు. సముద్రపు గాలి వీచు మా ఊళ్ళలో కల్లుప్పు తనంతట తానే నీరు కారును. లార్వాకు కావలసిన చెమ్మను మనమే ఇచ్చినట్లగును.

ఇట్లు దినము విడిచి దినము కనీసము నాలుగు వారములు చేయవలెను. నేను మరల మరల చెప్పునది ఇదియే. మొదటి వారము శుభ్రము చేయగానే కాట్లు తగ్గును. "పోయినవి" అని చీపురు మూల పెట్టుదురు. పదవ దినముననో పదునైదవ దినముననో గూళ్ళు పగిలి క్రొత్తవి వెలువడును. అప్పుడు పాత పద్ధతి పనిచేయలేదని విషములకు పరుగెత్తుదురు. నాలుగు వారముల గడువు పురుగు జన్మచక్రమును బట్టి వచ్చినది, నేను కల్పించినది కాదు. పురుగులు తగ్గుచున్నవో లేదో తెలియుటకు రాత్రివేళ ఖాళీ గదిలో నేలపై వెడల్పాటి పళ్ళెములో సబ్బునీళ్ళు పోసి, పైన చిన్న విద్యుద్దీపము వ్రేలాడదీయవలెను. వెలుతురుకు, వెచ్చదనమునకు దూకిన పురుగులు నీట మునుగును. ప్రొద్దుటనే లెక్క చూచుకొనవచ్చును.

పిల్లిని కుటుంబములో మరొకరు రోజు విడిచి రోజు వీధి గుమ్మము వెలుపల కూర్చుండబెట్టుకొని, పేలు దువ్వు ఈరుపెనతో మెడ, వీపు, తోక మొదలు బాగుగా దువ్వి, ఈరుపెనను ప్రతిసారి సబ్బునీటిలో ముంచవలెను. పురుగులు మెండుగా ఉన్నచో పశువైద్యుని సలహాపై పిల్లులకై ప్రత్యేకించిన మెడ మీది చుక్కల మందు వేయించవచ్చును. అది ఆరువరకు, ఒక దినము పాటు, గర్భిణి పిల్లిని తాకరాదు. కుక్కకు తెచ్చిన మందును పిల్లికి వేయరాదు. వాటిలో కొన్నిటనుండు పెర్మెత్రిన్ పిల్లి ప్రాణమే తీయగలదు. కూనలకు మందేదియు సొంతముగా వేయక దువ్వెనతోనే సరిపెట్టవలెను.

ఎండిన వావిలాకు, వేపాకు చాపల క్రింద పరచుట మంచి అలవాటే. పురుగును కొంత దూరముగా ఉంచును. చంపునని మాత్రము ఆశించరాదు.

కాట్లకు ఉపశమనము

కాటు పడినచోట చల్లని నీటితో కడిగి, తడిగుడ్డ వేసిన చాలవరకు దురద శమించును. గోకిన గోటి విషము వలన పుండగును గనుక గోళ్ళు చిన్నవిగా కత్తిరించుకొనవలెను. స్వచ్ఛమైన కొబ్బరినూనె, అరగదీసిన మంచిగంధము, కలబంద గుజ్జు పైపూతగా వాడవచ్చును. కలబందను గర్భిణి లోపలికి సేవించరాదు. అన్నిటి కంటె నాకు గురి ఉన్నది శతధౌత ఘృతము. ఆవునేతిని వెడల్పు పళ్ళెములో వేసి, చల్లని నీరు పోసి అరచేతితో మర్దించి, ఆ నీటిని పారబోసి, మరల నీరు పోసి, ఇట్లు నూరు పర్యాయములు చేసిన నెయ్యి తెల్లని వెన్న వలె అగును. ఓపిక గల అమ్మమ్మలు ఒక సాయంకాలములో చేయగలరు. కాట్లపై పలుచగా రాచిన మంట, దురద చల్లారును. ఆసుపత్రిలో కాలమిన్ ద్రవము ఇచ్చినను నిరభ్యంతరముగా వాడవచ్చును.

దురదకని భస్మములు, ఊరూ పేరూ లేని పసరులు, దుకాణములో అడిగి తెచ్చిన మాత్రలు లోపలికి పోరాదు. ఏ గర్భిణికైన ఇది వర్తించును. ఉద్దానపు బిడ్డలకు రెండింతలు వర్తించును. ఇక్కడ మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను కూల్చినదో మనకు తెలియనిది కాదు. దాని మూలకారణము నేటికిని నిర్ధారణ కాలేదు. పలాసలో 2023 డిసెంబరులో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. కారణము తేలని చోట శరీరములోనికి తెలియని పదార్థము పంపకుండుటయే వివేకము.

దురద అంతయు పురుగు కాటు కాదని కూడ గుర్తుంచుకొనవలెను. నెలలు నిండుచున్న సమయమున కాటు మచ్చలేవియు లేకుండ అరచేతులు, అరికాళ్ళు రాత్రివేళ విపరీతముగా దురదపెట్టినచో, మూత్రము ముదురు పసుపుగా మారినచో అది కాలేయమునకు సంబంధించిన గర్భకాల వ్యాధి కావచ్చును. శిశువుకు ప్రమాదము గలదు. ఆ దినమే ఆసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించుకొనవలెను. గంధము పూసుకొని కూర్చుండరాదు. పురుగులున్న ఇంట జ్వరము, తీవ్రమైన తలనొప్పి, ఒంటిపై ఎర్రని పొక్కులు కలసి వచ్చినను అంతే. ఈ జాతి పురుగులు, విశేషించి ఎలుక మీదివి, టైఫస్ జాతి జ్వరములను మోయగలవు. ఇంటిలో పిల్లి పురుగులు, ఎలుకలు ఉన్నవని వైద్యునికి తప్పక చెప్పవలెను. చెప్పనిదే వారికి ఆ ఊహ రాదు.

పిల్లి వలన గర్భమునకు హాని అని జనులలో ఉన్న భయమునకు ఆధారమైనది టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి. అది పురుగుల ద్వారా రాదు, రోమముల ద్వారా రాదు. పిల్లి మలము ద్వారా, మలము కలిసిన మట్టి ద్వారా, సరిగా ఉడకని మాంసము ద్వారా వచ్చును. మలము వెలువడిన ఒక దినము గడచిన తరువాతనే దానికి అంటుగుణము కలుగును. కావున పెరటి ఇసుకలోని పిల్లి మలమును ఇంటివారు ఏ రోజుకారోజు తీసి పాతిపెట్టవలెను. గర్భిణి ఆ పని చేయరాదు. మొక్కల పాదులలో చేయిపెట్టినచో సబ్బుతో కడుగుకొనవలెను, ఆకుకూరలు బాగుగా కడిగి వండుకొనవలెను.

పురిటి గదిని ఏడవ నెలలోనే ఎన్నుకొని పైన చెప్పిన నాలుగు వారముల శుద్ధిని ముందే ముగించుకొన్నచో ప్రసవ సమయమునకు తొందర ఉండదు. నాటి నుండి ఆ గదిలోనికి పిల్లిని రానీయరాదు. కిటికీకి వల బిగించవలెను. శిశువు కొరకు దాచిన పాతబట్టల మధ్య నాఫ్తలీను ఉండలు వేయరాదు. కొందరు శిశువులకు పుట్టుకతోనే రక్తకణములలో ఒక లోపముండును. ఆ ఉండల ఆవిరి సోకిన రక్తము విరిగి పచ్చకామెర్లు ముదురును. వాటికి బదులు నీడన ఎండబెట్టిన వేపాకును పలుచని గుడ్డలో మూటగట్టి బట్టల అడుగున ఉంచి, నెలకొకసారి మార్చి, శిశువుకు తొడుగుటకు ముందు ఆ బట్టలను ఒకమారు ఉతికి ఎండవేయవలెను.